తమ్ముడి ఒంట్లో అక్క రక్తం

ఆత్మకూరు పిల్లలకు ఒక సంగతి బాగా తెలుసు. తమ ఊళ్ళో చినుకు పడకపోయినా, కడప జిల్లాలో గట్టిగా వాన కురిస్తే సోమశిల దగ్గర పెన్న పొంగుతుంది. 2021 నవంబరులో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఆ వరద సోమశిలకే వచ్చిపడింది. ఏటి నీరు చూసి ఎగువన ఏం జరిగిందో చెప్పవచ్చునన్నమాట. మన రక్తమూ అలాంటి ఏరే.

రక్తం నుంచి కణాలను తీసివేస్తే పసుపు పచ్చని ద్రవం మిగులుతుంది. అదే ప్లాస్మా. 100 మిల్లీలీటర్ల ప్లాస్మాలో 6 నుంచి 8 గ్రాముల మాంసకృత్తులు, అంటే ప్రోటీన్లు ఉంటాయి. అందులో సగానికి పైగా ఆల్బుమిన్. అది కాలేయంలో తయారవుతుంది. రోగాలతో పోరాడే యాంటీబాడీలూ మాంసకృత్తులే. కాని వాటిని తయారుచేసేవి ఎముకల మూలుగలో పుట్టిన తెల్లకణాల సంతతి.

ఇప్పుడొక ఊహ చేద్దాం. ఆత్మకూరులో చదువుకునే ఒక కుర్రవాడికి ల్యుకేమియా అనే రక్త క్యాన్సరు వచ్చింది. మందులకు లొంగలేదు. ఉదయగిరిలో కాపురముంటున్న అక్క మూలుగ అతనికి సరిపోయింది. అదృష్టమే! ఒక తోబుట్టువుది సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. ఇద్దరూ వేలూరు వెళ్ళారు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో 1986 నుంచి మూలుగ మార్పిడి చేస్తున్నారు. అమెరికా వైద్యుడు డొనాల్ థామస్ 1957లో ప్రకటించిన తొలి ప్రయత్నాలతో మొదలైన ఈ విద్యకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది.

ముందు ఘాటైన మందులతో తమ్ముడి రోగపు మూలుగను నాశనం చేస్తారు. తరువాత అక్క మూలకణాలను మామూలు రక్తం ఎక్కించినట్లే నరంలోకి ఎక్కిస్తారు. ఎవరూ దారి చూపకుండానే అవి ఎముకల్లోకి చేరుకుంటాయి! ఎన్నిసార్లు చదివినా నాకిది వింతగానే ఉంటుంది.

అక్కది ‘ఓ’ గ్రూపు, తమ్ముడిది ‘బి’ అనుకోండి. కొన్ని నెలలకు తమ్ముడి ఎర్రకణాలన్నీ ‘ఓ’ అయిపోతాయి. మరి మాంసకృత్తులో? ఆల్బుమిన్ మాత్రం తమ్ముడిదే, కాలేయం అతనిదే కదా! పాత యాంటీబాడీలు క్రమంగా తరిగిపోతాయి. అక్క కణాలు చాలినన్ని కొత్తవి తయారుచేయడానికి ఏడాది, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. అందుకే పసివాడికి వేసినట్లు అతనికి టీకాలన్నీ మళ్ళీ వేయాలి.

అసలు ప్రమాదం వేరే ఉంది. మామిడికి అంటుకట్టిన కొమ్మ చెట్టు మీద తిరగబడదు. ఇక్కడ తిరగబడుతుంది. అక్క తెల్లకణాలకు తమ్ముడి చర్మం, పేగులు, కాలేయం పరాయివిగా తోస్తాయి. దాడి ముదిరితే ప్రాణమే పోవచ్చు. పోనీ, ఆ కణాలను పూర్తిగా అణచివేద్దామా అంటే, మిగిలిపోయిన క్యాన్సరు కణాలను వేటాడేవి కూడా అవే! కొద్దిగా పగ్గం వేయాలి, అంతే. ఆ పగ్గాల్లో ఒకటి మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందు అది.

దాడి మొదలైనట్లు తెలిసేదెలా? విరేచనాలు, కామెర్లు, ఒంటిమీద దద్దుర్లు కనిపించేసరికి ఆలస్యమవుతుంది. ఇక్కడే ప్లాస్మా పనికొస్తుంది. రెగ్-3 ఆల్ఫా అనే మాంసకృత్తి ఉండవలసిన చోటు పేగు. అక్కడ సూక్ష్మజీవులను చంపడం దాని పని. పేగు గోడ దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. రక్తంలో అది పెరిగిందంటే ఎగువన కట్ట తెగిందన్నమాట! 2011లో దీన్నీ, 2013లో ఎస్‌టి-2 అనే మరో మాంసకృత్తినీ శాస్త్రజ్ఞులు ఇందుకు గుర్తులుగా ప్రకటించారు. మార్పిడి జరిగిన వారానికే ఈ రెంటినీ కొలిచి, ఎవరికి ముప్పు ఎక్కువో అంచనా కట్టవచ్చు. ఆల్బుమిన్ అలా కాదు. పేగు చెడితే అది బయటికి పోయి రక్తంలో తగ్గిపోతుంది.

అన్నీ గట్టెక్కి కుర్రవాడు బడికి తిరిగి వచ్చాడనుకుందాం. ఎవరైనా డాక్టరు రక్తం గ్రూపు అడిగితే అతను రెండూ చెప్పాలి: పుట్టినప్పటిదీ, అక్క ఇచ్చినదీ.