పన్నెండు గొంతులు, ఒకే నాదం

ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జికి దగ్గర్లో డక్స్‌ఫర్డ్ అనే పాత వైమానిక స్థావరం ఉంది. ఇప్పుడది మ్యూజియం. వేసవిలో అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాలు ఎగురుతుంటే చూడటానికి వేలమంది వస్తారు. చూడటానికి అంటాం గానీ, వాళ్లలో చాలామంది వినడానికే వస్తారు.

పచ్చిక మీద స్పిట్‌ఫైర్ నిలబడి ఉంటుంది. దాని ప్రొపెల్లర్ మొదట బద్ధకంగా, ఆగి ఆగి తిరుగుతుంది. ఎక్కడో ఒక సిలిండర్ అంటుకుంటుంది. ముక్కు పక్కనున్న పొగగొట్టంలోంచి ఒక్క దగ్గు, గుప్పెడు తెల్లటి పొగ. మళ్లీ తడబాటు. ఇంకో సిలిండర్ అందుకుంటుంది, ఆ వెనకే మరొకటి. రెండు మూడు క్షణాల్లో పన్నెండూ వరసలోకి వచ్చేస్తాయి. చెదురుమదురు చప్పుళ్లన్నీ కలిసి ఒకే ధారగా సాగుతాయి. చుట్టూ ఉన్నవాళ్లు మాటలు ఆపేస్తారు. ఆ ధ్వని చెవికి మాత్రమే కాదు, ఛాతీకి కూడా తెలుస్తుంది.

ఈ ఇంజన్ను సంగీతం కోసం ఎవరూ తయారుచేయలేదు. శత్రువుకంటే పైకి, శత్రువుకంటే వేగంగా వెళ్లడం కోసం తయారుచేశారు. అయినా ఎనభై ఏళ్ల తర్వాత కూడా దాని ధ్వని కోసం మనుషులు ఇంత దూరం ఎందుకు వస్తున్నారు? జ్ఞాపకాల కోసం అని సులువుగా చెప్పేయవచ్చు. కానీ యుద్ధంతో ఏ సంబంధమూ లేని పిల్లలు కూడా ఆ ధ్వని వినగానే తలెత్తి చూస్తారు. కాబట్టి కారణం కొంత ఇంజనులో ఉంది, కొంత మన చెవిలో ఉంది. ఆ రెంటినీ చూశాకే జ్ఞాపకాల దగ్గరికి వెళదాం.

ఆయిల్ ఇంజను దగ్గర మొదలుపెడదాం

పొలాల్లో నీళ్లు తోడిన పాతకాలపు ఆయిల్ ఇంజను చప్పుడు మనలో చాలామందికి గుర్తే. టక్, టక్, టక్ మంటూ ఊరవతల నుంచి కూడా వినిపించేది. దానికి ఉండేది ఒక్కటే సిలిండర్. నిమిషానికి 650 చుట్లు తిరుగుతుందనుకుందాం. ఇలాంటి ఇంజన్లలో ప్రతి సిలిండరూ రెండు చుట్లకు ఒకసారి పేలుతుంది. అంటే నిమిషానికి 325 పేలుళ్లు, సెకనుకు అయిదు పైచిలుకు. ఒక్కో పేలుడూ మన చెవికి విడిగా అందుతుంది, కావాలంటే వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. బుల్లెట్ మోటార్‌సైకిల్ నిలబడి ఉన్నప్పుడు చేసే గుడగుడ కూడా ఇదే జాతి.

ఇప్పుడా పేలుళ్ల వేగం పెంచుకుంటూ పోండి. సెకనుకు సుమారు ఇరవై దాటాక చెవి లెక్కపెట్టడం మానేస్తుంది. దెబ్బలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి గీతలా సాగుతాయి. లయ కాస్తా స్వరమవుతుంది. మృదంగం మీద దెబ్బలు వేగం పెరిగి పెరిగి తంబురా తీగ మోతగా మారిపోయినట్టు ఊహించుకోండి. పాత యుద్ధ విమానాల ఇంజను ధ్వనిలోని ఆకర్షణకు మొదటి తాళంచెవి ఇదే. అది లయకూ స్వరానికీ మధ్యనున్న గడప మీద నిలబడి పలుకుతుంది. స్వరంలా సాగుతుంది, అయినా లోపల దెబ్బ ఉన్నట్టు తెలుస్తూనే ఉంటుంది.

మెర్లిన్ లోపల

స్పిట్‌ఫైర్‌లో ఉన్నది రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను. మెర్లిన్ అంటే ఒక చిన్న డేగ పేరు. ఆ కంపెనీ ఆ కాలపు ఇంజన్లకు వేటపక్షుల పేర్లు పెట్టేది. 1933లో మొదటిసారి నడిచిన ఈ ఇంజను స్పిట్‌ఫైర్‌తో పాటు హరికేన్ యుద్ధ విమానానికీ, నాలుగు ఇంజన్ల లాంకాస్టర్ బాంబర్‌కూ శక్తినిచ్చింది. అమెరికాలో ప్యాకార్డ్ కార్ల కంపెనీ తయారుచేసిన మెర్లిన్లు ముస్టాంగ్ విమానంలోకి చేరాయి.

దీని పరిమాణం 27 లీటర్లు. మన వీధుల్లో తిరిగే చిన్న కార్ల ఇంజన్లు పాతిక కలిపితే వచ్చేంత. పన్నెండు సిలిండర్లు అటు ఆరు, ఇటు ఆరు, మధ్యలో 60 డిగ్రీల కోణంతో ఇంగ్లిషు వి అక్షరంలా అమరి ఉంటాయి. ఈ కోణం, ఈ సంఖ్య ఊరికే రాలేదు. పన్నెండు సిలిండర్లను ఇలా అమర్చితే పేలుళ్ల మధ్య ఎడం సరిగ్గా సమానంగా ఉంటుంది. ఇంజను అదరదు, దాని ఊపిరి తప్పదు.

చిన్న లెక్క వేద్దాం. టేకాఫ్ సమయంలో మెర్లిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 50. ఒక్కో సిలిండర్ సెకనుకు 25 సార్లు పేలుతుంది. ఒక పక్కనున్న ఆరూ కలిపి 150 సార్లు, రెండు పక్కలా కలిపి 300 సార్లు. కర్ణాటక సంగీతంలో మగవాళ్లు ఎక్కువగా పాడే శ్రుతుల్లో రెండు శ్రుతి ఒకటి. దాని షడ్జమం సెకనుకు దాదాపు 147 కంపనాలు. అంటే మెర్లిన్‌లో ఒక్కో పక్క వరుస ఇంచుమించు ఆ ఆధార షడ్జమం దగ్గర పలుకుతుంది. రెండు వరుసలూ కలిసినప్పుడు సరిగ్గా దానికి రెట్టింపు, అంటే తారస్థాయి షడ్జమం వస్తుంది. మనిషి గొంతు తిరిగే చోటే ఈ ఇంజను గొంతూ తిరుగుతోంది. అది మనకు దగ్గరగా అనిపించడంలో ఈ సంగతికి తప్పకుండా వాటా ఉంది.

ఇంతటితో అయిపోలేదు. ఏ రెండు సిలిండర్లూ అచ్చంగా ఒకేలా పేలవు. ఆ చిన్న చిన్న తేడాల వల్ల 25కు గుణిజాలైన స్వరాలన్నీ అడుగున సన్నగా పలుకుతుంటాయి. తంబురాలో ఒక్క తీగ మీటితే దాని వెనక మరెన్నో స్వరాలు తోచినట్టే ఇక్కడా ఒక పొర కింద ఇంకో పొర ఉంటుంది.

ప్రొపెల్లర్ కలిపే గమకం

ఇంజను వేగంతోనే ప్రొపెల్లర్ తిరిగితే దాని రెక్కల కొసలు ధ్వని వేగాన్ని దాటిపోయి శక్తినంతా వృథా చేస్తాయి. అందుకే మధ్యలో పళ్లచక్రాలు పెట్టి వేగం తగ్గిస్తారు. తొలినాటి స్పిట్‌ఫైర్లలో ఇంజను 3000 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ సుమారు 1430 చుట్లే తిరుగుతుంది. మూడు రెక్కలు కాబట్టి సెకనుకు 72 దాకా గాలిని కొడతాయి. ఛాతీకి తెలిసే లోతైన దెబ్బ చాలావరకు ఇదే.

గమనించండి, ఈ 72కు రెట్టింపు చేస్తే వచ్చేది దాదాపు 143. ఇంజను వరుస పలికేది 150. రెండూ పక్కపక్కనే ఉన్నాయి గానీ ఒకటి కావు. శ్రుతి కలిసీ కలవని రెండు తీగలు కలిపి మీటితే ధ్వని ఎలా అలలు అలలుగా ఊగుతుందో మనకు తెలుసు. అలాంటి ఊగిసలాటే ఇక్కడా పుట్టి ధ్వనికి ఒక గరుకుదనాన్ని ఇస్తుంది. నున్నటి స్వరానికంటే కాస్త గరుకున్న స్వరమే చెవిలో ఎక్కువసేపు నిలుస్తుంది.

నాలుగు ఇంజన్ల లాంకాస్టర్‌లో ఈ అలలు మరీ స్పష్టం. నాలుగు ఇంజన్లనూ పైలట్ ఎంత జాగ్రత్తగా ఒకే వేగానికి తెచ్చినా కొద్దిపాటి తేడా మిగులుతుంది. ఒక ఇంజను 150 దగ్గర, పక్కది 151 దగ్గర పలికితే సెకనుకు ఒక అల వస్తుంది. పెద్ద జంతువు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు.

అడ్డు లేని గొంతు

మన బండ్లన్నిటికీ సైలెన్సర్ ఉంటుంది. మెర్లిన్‌కు లేదు. సిలిండర్ నుంచి వెలువడిన మంటవాయువు జానెడు గొట్టం దాటి నేరుగా గాలిలోకి దూకుతుంది. ఆ గొట్టాలను వెనక్కి వంచి పెట్టారు, ఎందుకంటే ఆ వాయువు వెనక్కి తోసే బలం కూడా విమానాన్ని కాస్త ముందుకు నెడుతుంది. బరువు తగ్గించడానికీ, వేగం పెంచడానికీ తీసుకున్న నిర్ణయమది. కానీ దానివల్ల ఇంజను పడే శ్రమ ఏ ముసుగూ లేకుండా మన చెవిదాకా వస్తుంది. పైలట్ వేగం తగ్గించినప్పుడు మిగిలిపోయిన ఇంధనం ఆ గొట్టాల్లోనే అంటుకుని, వేడి నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలాడుతుంది.

అదే కాలపు అమెరికన్ లైట్నింగ్ విమానాన్ని పక్కన పెడితే తేడా తెలుస్తుంది. అందులోనూ పన్నెండు సిలిండర్ల ఇంజన్లే, అదీ రెండు. కానీ వాటి పొగ బయటికి వచ్చేముందు టర్బో చక్రాన్ని తిప్పి వస్తుంది. ఆ చక్రం పేలుళ్ల పదునంతా మింగేస్తుంది. అందుకే లైట్నింగ్ మెత్తగా, ఈలలాంటి ధ్వనితో సాగిపోయేది. మెర్లిన్‌లో గాలిని కుదించే సూపర్‌ఛార్జర్‌ను పొగతో కాకుండా పళ్లచక్రాలతో తిప్పుతారు. నిమిషానికి 25,000కు పైగా చుట్లు తిరుగుతూ అది పైన సన్నటి కూత కలుపుతుంది. కింద ప్రొపెల్లర్ దెబ్బ, నడుమ ఇంజను స్వరం, పైన ఈ కూత. మూడు స్థాయిలూ నిండిపోయాయి.

జెట్ విమానం ఇంతకంటే చాలా పెద్దగా అరుస్తుంది, అయినా మనకు ఇలా అనిపించదు. జెట్‌లో మంట ఆగకుండా మండుతుంది, విడివిడి పేలుళ్లుండవు. వేగంగా దూసుకొచ్చిన వేడిగాలి బయటి గాలితో కలిసి సుళ్లు తిరిగినప్పుడు పుట్టే హోరు అది. జలపాతం హోరులాగే అందులో ఏ ఒక్క స్వరమూ పైకి తేలదు. మన పెద్దలు నాదాన్నీ రొదనూ వేరుగా చూశారు. క్రమం ఉన్నది నాదం, లేనిది రొద. పిస్టన్ ఇంజనులో అపారమైన బలం ఉంది, ఆ బలం లోపల క్రమమూ ఉంది. బలం ఒక్కటే అయితే భయం వేస్తుంది. క్రమం ఒక్కటే అయితే కాసేపటికి విసుగొస్తుంది. రెండూ కలిసినచోట మనసు ఆగిపోతుంది.

దాటిపోతున్నప్పుడు

ఎగిరే విమానం ధ్వనిలో అన్నిటికంటే మనసును లాగేది అది మన తలమీదుగా దాటే క్షణం. రైల్వే గేటు దగ్గర నిలబడ్డప్పుడు కూత వేస్తూ వచ్చిన రైలు మనల్ని దాటగానే ఆ కూత కిందికి జారడం అందరం విన్నదే. వస్తున్నప్పుడు ధ్వని తరంగాలు దగ్గర పడతాయి, వెళుతున్నప్పుడు ఎడమవుతాయి. దీన్నే డాప్లర్ ప్రభావం అంటారు.

గంటకు వంద కిలోమీటర్ల రైలుకైతే ఆ జారుడు రెండు మూడు స్వరస్థానాలే. గంటకు 360 కిలోమీటర్ల వేగంతో తక్కువ ఎత్తులో దాటే స్పిట్‌ఫైర్‌కు లెక్కవేస్తే, వచ్చేటప్పటి స్వరం పోయేటప్పటి స్వరానికి దాదాపు 1.8 రెట్లు ఉంటుంది. అంటే కైశికి నిషాదం నుంచి షడ్జమం దాకా ఒక్క జారు! గాయకుడి గొంతులోనైతే దాన్ని గొప్ప జారు గమకం అంటాం. ఆకాశం అంత పెద్ద జారును రెండు మూడు సెకన్లలో పాడి వెళ్లిపోతుంది. కిందికి దిగే స్వరంలో ఎప్పుడూ కాస్త దిగులుంటుంది. విమానం వెళ్లిపోతోందన్న సంగతి కంటికంటే ముందు చెవే చెబుతుంది.

ఈ ఇంజన్ల రికార్డింగులను ఫోన్‌లో వినేవాళ్లకు ఒక్క మాట. ఫోన్‌లోని చిన్న స్పీకర్ లోతైన స్వరాలు పలకలేదు. ప్రొపెల్లర్ దెబ్బ, దాంతో పాటు సగం ఇంజనూ అక్కడే పోతాయి. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. మొదటిసారి కింది దెబ్బను, రెండోసారి నడిమి స్వరాన్ని, మూడోసారి పైకూతను పట్టుకోండి. నాలుగోసారి మూడూ కలిసి వినిపిస్తాయి.

చెవి మోసే జ్ఞాపకం

ఇప్పుడు జ్ఞాపకం సంగతి. 1940 వేసవిలో దక్షిణ ఇంగ్లండ్ జనానికి మెర్లిన్ చప్పుడంటే తమవాళ్లు పైకి లేచారన్న ధైర్యం. ఆ రోజుల్లో డోర్సెట్‌లోని వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్లు ఎగరేసిన 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తుగా వచ్చిన పేరది. ఆ దళం చిహ్నంలో నిజాం ధరించే తలపాగా ఉంటుంది. తర్వాత అదే దళం స్పిట్‌ఫైర్లతో బర్మా యుద్ధానికీ వచ్చింది. మన ఊరి పేరు మోసిన విమానాల గొంతు కూడా ఇదే.

అయితే అదే ఆకాశం మన తీరంలో మరోలా పలికింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. చాలామంది ఊరు విడిచి వెళ్లిపోయారు. వాళ్లకు ఇంజను మోత అంటే ప్రాణభయం. అందుకని ఈ ధ్వనిని ప్రేమించేవాళ్లు దాన్ని సగమే ప్రేమించకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది. అందులోని క్రమాన్ని వినాలి, అది ఏ పని మీద బయలుదేరిందో కూడా వినాలి.

ఈ రెండూ ఒకేచోట వినిపించే రికార్డింగ్ ఒకటుంది. ఇంగ్లండ్‌లోని సర్రేలో ఒక తోటలో నైటింగేల్ పక్షులు రాత్రిపూట పాడేవి. ఆ పాటను బీబీసీ ఏటేటా ప్రత్యక్షంగా ప్రసారం చేసేది. 1942 మే 19 రాత్రి మైకులు సిద్ధంగా ఉండగా దూరం నుంచి ఒక మోత మొదలైంది. జర్మనీలోని మాన్‌హైమ్ మీదికి వెళుతున్న 197 బాంబర్లు, వాటిలో మెర్లిన్లతో నడిచే లాంకాస్టర్లు కూడా ఉన్నాయి. ప్రసారం సాగితే శత్రువుకు సమాచారం అందుతుందని ఇంజనీరు దాన్ని ఆపేశాడు. రికార్డింగ్ మాత్రం ఆపలేదు. అందులో మోత పెరిగి పెరిగి తోటంతా నిండిపోతుంది, మెల్లగా తగ్గిపోతుంది. అంతసేపూ పక్షి పాడుతూనే ఉంటుంది.

ఆ రాత్రి వెళ్లిన విమానాల్లో 11 తిరిగి రాలేదు. కింద మాన్‌హైమ్‌లో ఆ మోత విన్నవాళ్లూ ఉన్నారు. ఇవేవీ పక్షికి తెలియవు. మనకు తెలుసు. తెలిసి వింటాం కాబట్టే, మోత పూర్తిగా తగ్గిపోయాక మిగిలిన ఆ పక్షి గొంతు మనకు అంత స్పష్టంగా వినిపిస్తుంది.