కరెంటు బండి కొంటున్నారా? ముందు ఇంట్లో లెక్క చూసుకోండి

బడి విడిచే వేళకు మన గేటు ముందు ఆగే బళ్లలో ఆకుపచ్చ నంబరు ప్లేటు ఉన్నవి ఏడాదికేడాది పెరుగుతున్నాయి. పొద్దున పిల్లల్ని దింపడం, అటు నుంచి ఆఫీసుకో షాపుకో వెళ్లడం, మధ్యలో బ్యాంకు పని, సాయంత్రం కూరగాయలు, ఆపైన ట్యూషన్. నరసరావుపేటలో అయినా, మాచర్ల, గురజాలలో అయినా మన తిరుగుడంతా చాలావరకు ఊళ్లోనే. ఇలాంటి దగ్గరి పనులకు కరెంటు స్కూటర్ బాగా పనికొస్తుంది.

అలాగని అందరికీ ఒకేలా కలిసిరాదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఛార్జింగ్ ఎక్కడ పెడతారు, బండి ఎవరి చేతికి ఇస్తారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఇంట్లోనే ఉంది. షోరూంకి వెళ్లే ముందు వాటిని తేల్చుకుంటే మంచిది. మొదటిది డబ్బు సంగతి. మిగతా రెండూ మన పిల్లల క్షేమానికి సంబంధించినవి.

నెలకు ఎంత మిగులుతుంది?

మామూలు కరెంటు స్కూటర్ వంద కిలోమీటర్లు తిరగడానికి, ఛార్జర్‌లో పోయేదానితో కలిపి, సుమారు 4 యూనిట్లు తీసుకుంటుంది. పెట్రోలు స్కూటర్ లీటరుకు 45 కిలోమీటర్లు ఇస్తుందనీ, పెట్రోలు లీటరు సుమారు 110 రూపాయలనీ అనుకుందాం.

రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగే ఇంట్లో నెలకు 500 కిలోమీటర్లు అవుతాయి. పెట్రోలుకు దాదాపు 1,220 రూపాయలు. అదే కరెంటు బండికైతే 20 యూనిట్లు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు శ్లాబులున్నాయి కదా: 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. బండికి వాడే యూనిట్లు ఎప్పుడూ మీ బిల్లులో చివరి శ్లాబులోనే పడతాయి. ఏసీ తిరిగే ఎండాకాలంలో పై శ్లాబు లెక్క వేసుకున్నా 175 రూపాయలు. ఇతర ఛార్జీలు కలిపి 200 అనుకున్నా నెలకు వెయ్యి రూపాయలు మిగులుతాయి. పెట్రోలు బండి కంటే కరెంటు బండికి 30,000 ఎక్కువ పెట్టి ఉంటే, ఆ సొమ్ము రెండున్నరేళ్లలో తిరిగి వస్తుంది.

ఇంకో ఇల్లు చూడండి. ఇల్లు, బడి, బజారు అన్నీ దగ్గరే, రోజుకు 6 కిలోమీటర్లకు మించదు. నెలకు 150 కిలోమీటర్లు. పెట్రోలు ఖర్చు 370 లోపే. కరెంటు బండికి మారితే మిగిలేది సుమారు 300. ఆ 30,000 తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు పడుతుంది. అప్పటికి బ్యాటరీ మార్చాల్సి రావచ్చు. ఇలాంటి ఇంట్లో బాగా నడుస్తున్న పెట్రోలు బండి ఉంటే దాన్ని అమ్మేసి కొత్తది కొనడం లాభం కాదు. పాతది పాడై ఎలాగూ కొత్త బండి కొనాల్సి వస్తే అప్పుడు ఆలోచించవచ్చు.

ధరల తేడా కూడా మారుతోంది. విద్యుత్ వాహనాల మీద జీఎస్టీ 5 శాతం. పెట్రోలు బళ్లలో 350 సీసీ లోపు వాటి మీద ఉన్న 28 శాతాన్ని 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. పాత లెక్కలు పట్టుకోకుండా, కొనే రోజు రెండు బళ్ల ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకుని పోల్చుకోండి.

ఒక్క ఛార్జింగ్‌తో ఎంత దూరం?

కంపెనీ చెప్పే దూరం పరీక్ష లెక్క. ఇద్దరు కూర్చుని, ముందు బియ్యం బస్తా పెట్టుకుని, ఎదురుగాలిలో వెళ్తే అంత రాదు. చెప్పినదాంట్లో మూడో వంతు తీసేసి లెక్క వేసుకోవడం మేలు. 120 అంటే 80 అనుకోవాలి. ఊళ్లో తిరగడానికి అది రెండు మూడు రోజులకు సరిపోతుంది. కానీ నరసరావుపేట నుంచి గుంటూరు వెళ్లి రావాలంటే దాదాపు 90 కిలోమీటర్లు. మధ్యలో ఛార్జింగ్ పెట్టుకునే చోటు లేకుండా ఆ బండి మీద బయలుదేరకూడదు. మాచర్ల నుంచి నాగార్జునసాగర్ వెళ్లి రావడం మాత్రం అందులో తేలిగ్గా అవుతుంది.

వేగం పెరిగేకొద్దీ దూరం తగ్గుతుంది. గంటకు 40 కిలోమీటర్లతో వెళ్లినప్పుడు వచ్చే దూరం 65తో వెళ్తే రాదు, ఎందుకంటే గాలిని చీల్చుకుని వెళ్లడానికే ఎక్కువ శక్తి పోతుంది. ఎత్తు ఎక్కినా అంతే. కోటప్పకొండ ఘాట్ ఎక్కేటప్పుడు బ్యాటరీ శాతం గబగబా పడిపోతుంటే కంగారు పడక్కర్లేదు. చాలా బళ్లలో దిగేటప్పుడు మోటారే కొంత కరెంటు తయారుచేసి బ్యాటరీకి తిరిగి ఇస్తుంది. కానీ ఎక్కేటప్పుడు పోయినదంతా తిరిగి రాదు.

ఛార్జింగ్ ఎక్కడ పెడతారు?

ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఒక కుటుంబం అంతకుముందు రోజే కొన్న స్కూటర్ బ్యాటరీని పడకగదిలో ఛార్జింగ్ పెట్టి పడుకుంది. తెల్లవారుజామున అది పేలి ఇంటి యజమాని చనిపోయారు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు మరణించారు. రెండు చోట్లా బ్యాటరీని బండి నుంచి తీసి, మనుషులు నిద్రపోయే ఇంట్లో, రాత్రిపూట ఛార్జింగ్ పెట్టారు.

ఇలాంటి ప్రమాదాల తరువాత కేంద్రం బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 ప్రమాణాలను కఠినం చేసింది. అవి 2022 డిసెంబరు 1 నుంచి, 2023 మార్చి 31 నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. బ్యాటరీ అంటే వందల కొద్దీ చిన్న సెల్స్ కలిపిన పెట్టె. ఒక సెల్ లోపల దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి పక్కదానికి, అక్కడి నుంచి ఇంకోదానికి పాకుతుంది. అలా పాకకుండా చూడటం, ప్రమాదం ముందే పసిగట్టి హెచ్చరించడం కొత్త నిబంధనల ఉద్దేశం. అందుకే 2023కి ముందు తయారైన సెకండ్‌హ్యాండ్ బండి చవగ్గా వస్తోందంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇంట్లో మనం చేయాల్సినవి ఇవి:

• పడకగదిలో, హాల్లో, మెట్ల కింద, గ్యాస్ బండ దగ్గర, బయటికి వెళ్లే తలుపు పక్కన ఛార్జింగ్ పెట్టకండి. మంట వస్తే ఇంట్లోవాళ్లు బయటపడే దారి మూసుకుపోకూడదు. గాలి ఆడే వరండా, షెడ్డు, పార్కింగ్ మంచివి.

• ఛార్జర్ 700, 800 వాట్లు తీసుకుంటుంది. అంటే ఇస్త్రీపెట్టెను నాలుగైదు గంటలు ఆపకుండా వాడినట్టు. జంక్షన్ బాక్సులకు, అతుకుల వైర్లకు అది తగదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి విడిగా 15 ఆంపియర్ల సాకెట్, దానికో ఎంసీబీ పెట్టించండి. ఎర్తింగ్ సరిగా ఉందో లేదో అప్పుడే చూపించండి. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక వైరు ఉండకపోవచ్చు.

• కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడండి. పాడైతే బజార్లో దొరికే చవక ఛార్జర్ కొనకండి.

• సాయంత్రం ఇంటికి రాగానే పెట్టి, పడుకునే ముందు తీసేయడం మంచి అలవాటు.

• బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా, నీళ్లలో మునిగినా, గట్టిగా కింద పడినా మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. సర్వీసు సెంటరుకు చెప్పండి.

అపార్ట్‌మెంటులో ఉండేవారు బండి బుక్ చేయక ముందే అసోసియేషన్‌తో మాట్లాడండి. మీ మీటరు నుంచి పార్కింగ్‌కు లైను వేసుకోవడానికి ఒప్పుకుంటేనే కొనడం మంచిది. మూడో అంతస్తుకు బ్యాటరీ మోసుకెళ్లి ఇంట్లో పెట్టుకోవడం దానికి బదులు కాదు.

మన ఎండల్లో బ్యాటరీ

రెంటచింతల ఎండల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. లిథియం బ్యాటరీకి ఎక్కువ వేడి పడదు. వేడిలో వెంటనే పాడవదు కానీ ఆయుష్షు తరుగుతుంది. మే నెల మధ్యాహ్నం తిరిగొచ్చిన బండిని అరగంట, గంట నీడలో చల్లారనిచ్చి తరువాత ఛార్జింగ్ పెట్టండి. రోజువారీ పనులకు 20 నుంచి 80 శాతం మధ్య ఉంచితే చాలు. దూరం వెళ్లే ముందు నింపుకోవచ్చు. సెలవులకు ఊరెళ్లేటప్పుడు బండిని ఖాళీ బ్యాటరీతో వదిలేయకండి. సగం దాకా ఛార్జింగ్ ఉంచి నీడలో పెట్టండి. అడిగి చూస్తే కొన్ని బళ్లలో ఎల్‌ఎఫ్‌పీ రకం బ్యాటరీ దొరుకుతుంది. కొంచెం బరువు ఎక్కువైనా అది వేడిని బాగా తట్టుకుంటుంది.

"లైసెన్సు అక్కర్లేదట, మా వాడికి కొనివ్వొచ్చా?"

తల్లిదండ్రుల నోట తరచుగా వినిపించే ప్రశ్న ఇది. మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న బండిని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అందుకే దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు అడగరు. అంతమాత్రాన ఎనిమిదో తరగతి పిల్లవాడికి తాళం ఇవ్వవచ్చని కాదు. పిడుగురాళ్ల, దాచేపల్లి మీదుగా వెళ్లే అద్దంకి–నార్కెట్‌పల్లి రహదారి లాంటి చోట్ల లారీల మధ్య 25 వేగంతో వెళ్లే బండికి దాని నెమ్మదే ప్రమాదం. అద్దంలో వెనక చూసుకోవడం, మలుపులో ఎదుటివాడి వేగం అంచనా వేయడం ఆ వయసుకు ఇంకా అలవడని పనులు. పైగా ఆ బండికి బీమా ఉండకపోతే, ఎవరికైనా దెబ్బ తగిలితే ఖర్చంతా మన మీదే పడుతుంది.

ఇంకో సంగతి. "వేగం పెంచి ఇస్తాం" అని లాక్ తీసేసే మెకానిక్కులు ఉన్నారు. అలా తీసేసిన క్షణం నుంచి అది లైసెన్సు అక్కర్లేని బండి కాదు. రిజిస్ట్రేషన్ కావాల్సిన బండిని మైనరు నడిపి నేరానికి పాల్పడితే, మోటారు వాహనాల చట్టంలోని 199ఏ సెక్షన్ ప్రకారం తల్లిదండ్రులకు లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

గేటు దగ్గర ముందు బండి ఆపు చేయండి

కరెంటు బండికి చప్పుడు ఉండదు. ఆగి ఉన్నప్పుడు అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో చూసినా తెలియదు. పెట్రోలు బండిలా కాకుండా, యాక్సిలరేటరు తిప్పీ తిప్పగానే పూర్తి బలంతో కదులుతుంది. ముందు నిలబడ్డ చిన్నపిల్లలు ఆడుకుంటూ హ్యాండిల్ తిప్పితే బండి ఒక్కసారిగా దూకుతుంది. దింపేటప్పుడైనా, ఎక్కించుకునేటప్పుడైనా, బ్యాగు సర్దేటప్పుడైనా ముందు బండి ఆఫ్ చేయండి. పిల్లల్ని వెనకే కూర్చోబెట్టండి.

చప్పుడు లేదు కాబట్టి గేటు ముందు పరుగెత్తే పిల్లలకు మీరు వస్తున్నట్టు వినబడదు. గేటు సందులోకి తిరగగానే నడిచే మనిషి వేగానికి తగ్గించండి.

నాలుగేళ్లు దాటిన ప్రతి బిడ్డకూ హెల్మెట్ ఉండాలన్నది చట్టం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకు హెల్మెట్‌తో పాటు నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు ఉండాలి, వేగం 40 దాటకూడదు. ఇద్దరు పిల్లల్ని ఒకే బండి మీద తేవడం సౌకర్యమే కానీ, నడిపేవారి వెనక ఒక్కరికే అనుమతి ఉంది.

షోరూంలో అడగాల్సినవి

1. బ్యాటరీ వారంటీ ఎన్నేళ్లు, ఎన్ని కిలోమీటర్లు? వారంటీ లోపల సామర్థ్యం ఎంత శాతానికి పడిపోతే మార్చి ఇస్తారు?
2. వారంటీ అయ్యాక కొత్త బ్యాటరీ ధర ఎంత? బండి ధరలో పెద్ద వాటా దానిదే.
3. ఏఐఎస్-156 సవరణల ప్రకారం సర్టిఫికెట్ ఉందా?
4. సర్వీసు సెంటరు మన ఊళ్లోనే ఉందా, గుంటూరు వెళ్లాలా?
5. ఛార్జర్ ధర, సబ్సిడీ బిల్లులో విడిగా చూపిస్తారా?

ఈ నెల పిల్లలతో కలిసి

ఒక వారం పాటు మీ బండి మీటరు రీడింగు పొద్దున, రాత్రి పిల్లలతో నోటు పుస్తకంలో రాయించండి. వారం చివర మొత్తం కూడించి నాలుగుతో గుణించమనండి. మీ నెల కిలోమీటర్లు అవే. పైన ఇచ్చిన పద్ధతిలో పెట్రోలు ఖర్చు, కరెంటు ఖర్చు వాళ్లతోనే వేయించండి. ఆరో తరగతి లెక్కలు వచ్చిన పిల్లలకు ఇది కష్టం కాదు. బండి కొనాలా వద్దా అన్నది ఆ పుస్తకం చూసి, ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవచ్చు.