పాలు మాన్పించే తల్లివలె



“రేపు వెంటిలేటరు తీసి చూస్తాం” అని డాక్టరుగారు చెప్పగానే అనేక కుటుంబాలవారి గుండె జారిపోతుంది. “అంటే ఇక ఆశ లేదనేనా, పాస్టరుగారూ?” అని అడుగుతారు. కోలుకునే ఆశ లేక యంత్రాన్ని ఆపివేయడం వేరు. కోలుకుంటున్న రోగికి సొంతంగా ఊపిరి తీసుకోవడం అలవాటు చేయడం వేరు. ఈ రెండవదానిని వైద్యులు ‘వీనింగ్’ అంటారు. బిడ్డకు పాలు మాన్పించడానికి ఇంగ్లీషులో వాడే మాట అదే. ఏది జరుగుతోందో తెలియకపోతే డాక్టరుగారినే సూటిగా అడగండి.

యంత్రం ప్రాణం నిలుపుతుంది గాని, ఎక్కువకాలం దానిమీదే ఉండడం క్షేమం కాదు. ఊపిరితిత్తుల క్రింద గొడుగువలె ఉండే కండరం పనిలేక కొద్ది రోజుల్లోనే బలహీనపడుతుంది. న్యుమోనియా సోకే ప్రమాదమూ ఉంది. అలాగని తొందరపడితే రోగి అలసిపోయి, మరల గొట్టం వేయవలసి వస్తుంది.

అందుచేత జబ్బు తగ్గుముఖం పట్టిందా, ఆక్సిజన్ అవసరం తగ్గిందా, రక్తపోటు నిలకడగా ఉందా, మత్తుమందు తగ్గిస్తే మెలకువ వస్తోందా అని ప్రతిరోజూ చూస్తారు. అన్నీ అనుకూలిస్తే 30 నిమిషాలనుండి 2 గంటలవరకు యంత్రం సహాయాన్ని దాదాపుగా ఆపి, రోగిని తనంతట తానే ఊపిరి తీసుకోనిస్తారు. ఆయాసం, చెమటలు, గుండెదడ కనిపిస్తే వెంటనే యంత్రం సహాయం మరల ఇచ్చి, కారణం వెదికి, సాధారణంగా మరునాడు ప్రయత్నిస్తారు. తట్టుకుంటే, దగ్గి కఫం తీయగల శక్తి చూసి గొట్టం తీస్తారు. 1995లో స్పెయిన్ వైద్యులు ప్రచురించిన పరిశోధనలో, సహాయాన్ని కొంచెం కొంచెంగా తగ్గించడంకంటె రోజుకొకసారి ఇలా పరీక్షించడమే రోగులను త్వరగా విడిపించిందని తేలింది. రోజుకు అనేకసార్లు పరీక్షించినా అంతకంటె మేలు కలుగలేదు.

విశ్వాసులు ఇక్కడ జాగ్రత్త వహించాలి. “ఉపవాసముండి ప్రార్థించాము, అయినా మళ్లీ మిషను పెట్టారు” అని క్రుంగిపోవద్దు. “మీ ఇంట్లో ఏదో పాపముంది” అని ఆ కుటుంబంతో ఎవరూ అనవద్దు. అలసిన కండరానికి రాత్రి విశ్రాంతినివ్వడం ఓటమి కాదు, అదీ చికిత్సే. “నూనె రాసి ప్రార్థించాము, గొట్టం తీసేయండి” అని వైద్యులను బలవంతపెట్టడం విశ్వాసం అనిపించుకోదు.

గొట్టం స్వరపేటికగుండా వెళ్తుంది గనుక రోగి మాట్లాడలేరు. మెలకువగా ఉంటే వినగలరు. మంచం దగ్గర ఏడవక, పేరుపెట్టి పిలవండి. ఇది ఏ రోజో, ఎక్కడ ఉన్నారో చెప్పండి. నర్సుగారిని అడిగి కళ్లజోడు పెట్టండి. ప్రార్థన చిన్నదిగా, నెమ్మదిగా చేయండి.

ఇస్సాకు పాలు మానిన రోజు అబ్రాహాము పెద్ద విందు ఏర్పాటు చేశాడని ఆదికాండము 21వ అధ్యాయం తెలుపుతోంది. అంతకుముందు ఏడ్చే బిడ్డను శారా ఎన్ని రాత్రులు ఓదార్చిందో అక్కడ వ్రాయబడలేదు. ఐ.సి.యు. బయట బెంచీమీద కూర్చున్నవారివి అలాంటి రాత్రులే. విందు దినం వస్తుందో రాదో ప్రభువుకు తెలుసు. ఈ రాత్రి వారికి అన్నం క్యారియరు పట్టుకెళ్లి, తెల్లవారేవరకు తోడుండేవారు మన సంఘంలో ఎవరు?