అమ్మాయి నోరు విప్పే తరగతి

పసుపు మరక పడిన చీరకు సబ్బు రాస్తే ఆ మరక ఎర్రబడుతుంది. ఈ సంగతి తెలియని ఇల్లాలుండదు. ఎందుకలా ఎర్రబడుతుందో మనలో ఎంతమందిమి చెప్పగలం?

"అమ్మా, ఒక నిమ్మకాయ, కాస్త పసుపు కట్టియ్యి. రేపు బళ్ళోకి కావాల" అంది మొన్నొక సాయంత్రం పదో తరగతి చదివే మా అమ్మాయి. వింజమూరు లాంటి మెట్ట ఊళ్ళో నిమ్మకాయకేం కొదవ? ఇచ్చి పంపాను.

మర్నాడు వాళ్ళ సైన్సు టీచరమ్మ పుస్తకం తెరవలేదట. పసుపునీళ్ళలో కాగితం ముక్కలు ముంచి ఆరబెట్టించింది. వాటిమీద సబ్బునీళ్ళ చుక్క వేస్తే ఎరుపు. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపు! "ఇది మీ ఇళ్ళలో ఎక్కడైనా చూశారా?" అని అడిగితే, ఎప్పుడూ వెనక బెంచీలో తలొంచుకు కూర్చునే పిల్ల లేచి చీర మరక సంగతి చెప్పిందట. ఆ తర్వాతే టీచరమ్మ బోర్డు మీద ఆమ్లం, క్షారం, సూచిక అనే మాటలు రాసింది. ఇక ఆ మూడు మాటలూ బట్టీ పట్టాల్సిన పనేముంది?

మూడు సెకన్ల ఓపిక

ప్రశ్న అడగ్గానే చెయ్యెత్తేది ఎప్పుడూ ఆ నలుగురే. మిగతావాళ్ళకు తెలియక కాదు, వ్యవధి చాలక. అమెరికాలో మేరీ బడ్ రో అనే విద్యావేత్త 1970ల్లో తరగతి గదుల్లోని సంభాషణలు రికార్డు చేసి చూసింది. ప్రశ్న అడిగాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను మాత్రమే. మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవయ్యాయి, నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. దీనికి పైసా ఖర్చు లేదు. మొదట పక్కనున్న పిల్లతో రెండు నిమిషాలు మాట్లాడుకోనిచ్చి తర్వాత అందరిముందూ చెప్పమంటే బెరుకు ఇంకా తగ్గుతుంది.

సోషల్ పాఠానికీ ఇదే దారి. మా ప్రాంతం వాళ్ళకు ఉదయగిరి కొండ చిన్నప్పట్నుంచీ తెలుసు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఆ కోటను 1514లో గెలుచుకున్నాడు. తేదీ చెప్పి ఊరుకోకుండా, "అంతటి రాజుకు ఆ కోట పట్టడానికి ఏడాది దాటి ఎందుకు పట్టింది?" అని అడిగి చూడండి. ఆ కొండ ఎక్కిన పిల్లలు ఆయాసంతో సహా జవాబు చెప్తారు!

పొరుగూరి రాత్రిబడి

"ఇవన్నీ సరదాకే, మార్కులకు పనికొస్తాయా?" అనేవాళ్ళున్నారు. వాళ్ళకు మా పొరుగునున్న కలిగిరి మండలం దూబగుంట సంగతి గుర్తుచేస్తాను. నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం నడిచిన రోజులవి, 1991-92 ప్రాంతం. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు రాత్రిబళ్ళో పలక పట్టారు. వాళ్ళ వాచకంలో తాగుడు వల్ల చితికిపోయిన సంసారాల కథ ఉంది. అది చదివి వదిలేయలేదు, చర్చించుకున్నారు. "ఇది మన ఇంటి కథే కదా" అనుకున్నారు. సారా దుకాణానికి అడ్డంగా నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. వాళ్ళ కథే మళ్ళీ పాఠంగా అచ్చయి ఇతర ఊళ్ళ రాత్రిబళ్ళకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిందన్నదీ నిజమే. కానీ తన బతుకుతో ముడిపడిన పాఠం మనిషి చేత ఎంత పని చేయించగలదో దూబగుంట చూపించింది.

అక్షరం రాని తల్లులకు పనికొచ్చిన పద్ధతి హైస్కూలు పిల్లలకు పనికిరాదా?

మన వంతు

టీచర్ల ఇబ్బందులూ తక్కువేం కాదు. క్లాసు నిండా పిల్లలు, పోర్షన్ పూర్తిచేయాలన్న తొందర. అందుకే పాఠానికొక్క ప్రయోగం, పీరియడుకొక్క మంచి ప్రశ్న చాలు. ఇంట్లోంచి నిమ్మకాయో, కాస్త పసుపో, పాత సీసాలో పంపడం మనకూ భారం కాదు.

తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే వంటపని అడ్డం పెట్టుకుని మానేయకండి. "మా అమ్మాయికి ఎన్ని మార్కులొచ్చాయి?" అన్న దాంతోపాటు, "క్లాసులో నోరు తెరుస్తోందా టీచరుగారూ?" అని కూడా అడగండి. పదో తరగతితో చదువు ఆపించేద్దామా అని పెద్దవాళ్ళు గుసగుసలాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో "నేను చదువుకుంటా" అని గట్టిగా చెప్పే గొంతు ఆ పిల్లకు ఒక్కరోజులో రాదు. క్లాసులో ప్రశ్నకు లేచి నిలబడి జవాబు చెప్పిన ప్రతిసారీ కొంచెం కొంచెంగా వస్తుంది. ఏమంటారు?