కసితీరా గీస్తే కోపం దిగుతుందా?

కోపం వచ్చినప్పుడు దిండును గుద్దితే, పాత పళ్లేలు పగలగొడితే మనసు తేలికపడుతుందని చాలామంది నమ్మకం. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బ్రాడ్ బుష్‌మన్ దీన్ని పరీక్షించి 2002లో ఫలితాలు ప్రచురించారు. 600 మంది కాలేజీ విద్యార్థులతో వ్యాసాలు రాయించి, వాటిని ఘాటుగా తిట్టించి కోపం తెప్పించారు. తర్వాత కొందరు తిట్టిన మనిషిని తలచుకుంటూ బాక్సింగ్ సంచిని గుద్దారు. కొందరు వ్యాయామం అనుకుంటూ గుద్దారు. మిగిలినవాళ్లు ఊరికే కూర్చున్నారు. తలచుకుంటూ గుద్దినవాళ్లకే అందరికంటే ఎక్కువ కోపం మిగిలింది.

మరి బొమ్మలు గీస్తే, మట్టి పిసికితే కోపం తగ్గుతుందంటారే? ఎలా గీస్తున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. కాగితం చిరిగేలా గీకుతూ, లోలోపల ఆ మనిషినే తిట్టుకుంటూ కూర్చుంటే అదీ గుద్దుడే.

ఈ తేడాను బాగా పట్టుకున్న మనిషి ఎడిత్ క్రామర్. వియన్నాలో పుట్టి, నాజీల కాలంలో అమెరికా చేరిన చిత్రకారిణి. 1950లలో న్యూయార్క్ రాష్ట్రంలోని విల్ట్‌విక్ బడిలో, నేరాలు చేసో, ఆదరణ లేకో అక్కడికి చేరిన మగపిల్లలకు బొమ్మలు నేర్పారు. రంగులు ఒలకబోయడం, మట్టిని దబదబా బాదడం వంటివాటిని ఆమె గందరగోళంగా వెళ్లగక్కడంగా లెక్కగట్టారు. అది కళ దాకా రాలేదన్నారు. బాదిన మట్టి ఒక రూపం తెచ్చుకోవాలి. మట్టిపులి నాలుగు కాళ్ల మీద నిలబడాలంటే చెయ్యి నెమ్మదించక తప్పదు. విసిరికొట్టే రంగుకు ఆ నిదానంతో పనిలేదు.

నాకైతే అసలు కీలకం ఆ నిదానంలోనే ఉందనిపిస్తుంది. 154 అధ్యయనాలను కలిపి చూసిన 2024 నాటి సమీక్ష ఒకటి, ఒంటిని వేడెక్కించే పనులు కోపాన్ని దించవనీ, ఊపిరి సాధన, ధ్యానం వంటి నెమ్మదింపజేసే పనులే దించుతాయనీ తేల్చింది. పైగా బొమ్మ పూర్తయ్యాక కోపం మన ఎదుటే ఉంటుంది. తీరిగ్గా చూస్తే దాని వెనక అవమానమో, భయమో కనిపించవచ్చు. ఒక్కోసారి ఉత్త ఆకలి.

ఇంట్లో చెయ్యాలంటే వినాయక చవితికి మిగిలిన బంకమట్టి చాలు, లేదా చపాతీపిండి ముద్ద. పిల్లల్ని మొదట కాసేపు పిసకనివ్వండి. తర్వాత "నీ కోపం ఎలా ఉంటుందో చేసి చూపించు" అనండి. అయ్యాక "దీని పేరేంటి? ఎప్పుడొస్తుంది? దీనికేం కావాలి?" అని అడిగి ఊరుకోండి. "ఇంత నల్లగా వేశావేం?" అని మాత్రం అనకండి. నాట్యశాస్త్రం రౌద్రానికి ఎరుపు చెప్పింది గానీ, మీ పిల్లాడి కోపం పసుపుపచ్చగా ఉంటే ఉండనివ్వండి. రంగును చూసి మనసు చదివేస్తామనేవాళ్లను నేను నమ్మను.

బొమ్మలంటే సిగ్గుపడే పెద్దలు రాసుకోవచ్చు. జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2024లో ప్రచురించిన ప్రయోగంలో, కోపాన్ని కాగితం మీద రాసి చెత్తబుట్టలో పడేసినవాళ్లు, ఆ కాగితాన్ని దగ్గరే ఉంచుకున్నవాళ్లకంటే బాగా చల్లబడ్డారు.

ఇవన్నీ రోజువారీ కోపాలకే. ఎదుటివాళ్ల మీద చెయ్యి చేసుకునేదాకా, తనను తాను గాయపరచుకునేదాకా వెళ్తున్న కోపానికి రంగులూ మట్టీ చాలవు. అలాంటప్పుడు ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చెయ్యండి. సేవ ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.