దింపుడు కళ్ళం దగ్గర ఆగిన పాడె
బైబిలులో చనిపోయినవారిని లేపిన కథలు: వాడ వైపు నుంచి ఒక పఠనం

ఉత్తర తెలంగాణ పల్లెల్లో శవాన్ని బొందలగడ్డకు తీసుకపోతూ మధ్య దారిలో పాడెను కిందికి దింపుతారు. దగ్గరి చుట్టం ఒకరు వంగి, చనిపోయినవారి చెవిలో పేరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏమన్నా మిగిలి ఉందేమోనన్న చివరి ఆశ అది. దాన్నే దింపుడు కళ్ళం అంటారు. జవాబు రాకపోతే పాడె మళ్ళీ లేస్తుంది, డప్పు మళ్ళీ మోగుతుంది.

లూకా సువార్త 7వ అధ్యాయంలో నాయీను ఊరి గవిని దగ్గర దాదాపు ఇదే దృశ్యం కనిపిస్తుంది. ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకు పాడె ఊరు దాటుతోంది. యేసు ఎదురొచ్చి పాడెను ముట్టుకుంటాడు. మోసేవాళ్ళు ఆగిపోతారు. ఆయన పిలిస్తే పిల్లవాడు లేచి కూర్చుని మాట్లాడతాడు. యేసు అతణ్ణి తల్లికి అప్పగిస్తాడు. ప్రసంగాల్లో ఈ కథ చెప్పేటప్పుడు లేవడం గురించే ఎక్కువ వింటాం. ముట్టుకోవడం గురించి వినేది తక్కువ. వాడ వైపు నుంచి చదివితే కథకు ఆయువుపట్టు ఆ ముట్టుకోవడమే.

మన దగ్గర ఈ కథలు కొత్తవి కావు. కరీంనగరులో వెస్లియన్ మెథడిస్టు మిషను 1880లలోనే పని మొదలుపెట్టింది. కతోలిక సంఘం ఏర్పాటులో ఆదిలాబాదు చాలాకాలం మహారాష్ట్రలోని చాందా కింద ఉండి, 1999లో వేరే మేత్రాసనమైంది. ఈ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగలే. వారు ఈ కథలను ఏ అనుభవంతో వింటారన్నది అడగవలసిన ప్రశ్న.

ముందు కథల లెక్క చూద్దాం. పాత నిబంధనలో మూడున్నాయి: సారెపతు విధవరాలి కొడుకును ఏలీయా లేపడం, షూనేము స్త్రీ కొడుకును ఎలీషా లేపడం, ఎలీషా ఎముకలు తగిలి ఒక శవం లేవడం. సువార్తల్లో యేసు లేపినవారు ముగ్గురు: నాయీను యువకుడు, యాయీరు కూతురు, బేతనియ లాజరు. అపొస్తలుల కార్యాలలో ఇద్దరు: పేతురు లేపిన తబితా, పౌలు చేతుల్లోకి తీసుకున్న ఐతుకు. వీరంతా బతికి మళ్ళీ ఎప్పుడో చనిపోయినవారే. మళ్ళీ చావు లేని యేసు పునరుత్థానాన్ని క్రైస్తవ బోధ దీనికి వేరుగా చూస్తుంది.

ఇప్పుడు ముట్టు విషయం. సంఖ్యాకాండము 19వ అధ్యాయం ప్రకారం శవాన్ని ముట్టినవాడికి ఏడు రోజుల మైల. మూడో రోజు, ఏడో రోజు శుద్ధి చేసుకుంటే అది పోతుంది. ఎవరు ముట్టినా అంతే. మన ఊళ్ళలో కులం చేసిన పని వేరు. చావు కబురు మోయడం, బొంద తవ్వడం, సావుడప్పు కొట్టడం, చచ్చిన గొడ్డును ఈడ్చుకపోవడం మాల మాదిగల మీద వెట్టిగా రుద్దింది. ఆ పని చేసినందుకు వచ్చిన మైలను మాత్రం ఏడు రోజులకు వదలలేదు, పుట్టుకకే అంటగట్టింది. చావింటివారి మైల పది పన్నెండు రోజులకు తీరేది. ఆ చావుకు డప్పు కొట్టినవాడి మైల తరాలు గడిచినా తీరలేదు. పాడెను ముట్టి ఆపిన యేసును వాడ మనిషి ఎందుకు దగ్గరివాడనుకుంటాడో ఇక్కడ అర్థమవుతుంది.

రాజుల రెండవ గ్రంథం 4వ అధ్యాయంలో ఈ సంగతి ఇంకా స్పష్టం. షూనేము స్త్రీ కొడుకు చనిపోతే ఎలీషా మొదట తన కర్రనిచ్చి పనివాడైన గేహజీని పంపుతాడు. గేహజీ కర్రను పిల్లవాడి ముఖం మీద పెడతాడు. చలనం లేదు. చివరికి ఎలీషా తానే వచ్చి, నోటి మీద నోరు, కళ్ళ మీద కళ్ళు, చేతుల మీద చేతులు ఉంచి పడుకుంటేనే ఒళ్ళు వెచ్చబడుతుంది. దూరం నుంచి కర్రతో ప్రాణం రాలేదు. దళితులను ముట్టకుండానే ఉద్ధరిస్తామని చెప్పినవాళ్ళు మన చరిత్రలో తక్కువ లేరు గదా!

యాయీరు కూతురు పన్నెండేళ్ళది. మత్తయి సువార్త ప్రకారం ఆ ఇంట్లో అప్పటికే పిల్లనగ్రోవులు వాయించేవాళ్ళున్నారు. యేసు వాళ్ళను బయటికి పొమ్మంటాడు, పిల్ల చెయ్యి పట్టుకుని లేపుతాడు. మార్కు ఇంకో మాట చేర్చాడు: పిల్లకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. లేచిన మనిషికి ముందు కావలసింది తిండి. సారెపతు విధవరాలి కథ కూడా పిడికెడు పిండితోనే మొదలవుతుంది. తబితా చనిపోయినప్పుడు ఏడ్చినవారు ఆమె కుట్టిచ్చిన అంగీలు చూపించిన విధవరాళ్ళు. లేచినవారు, లేపించుకున్నవారు చాలామట్టుకు ఆసరా పోతే బతుకు గడవనివాళ్ళు.

లాజరు కథలో రాయి తీసే పని, కట్లు విప్పే పని యేసు అక్కడివారికే అప్పగిస్తాడు. ఆ తర్వాత యోహాను 12వ అధ్యాయంలో ఒక సంగతి ఉంది. లేచిన లాజరును కూడా చంపాలని ప్రధాన యాజకులు ఆలోచన చేస్తారు. లేచినవాడు కళ్ళెదుట తిరగడమే వాళ్ళకు ఇబ్బంది. కారంచేడు (1985), చుండూరు (1991) ఎరిగిన పాఠకులకు ఇది విప్పి చెప్పక్కర్లేదు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. ప్రార్థన చేస్తే శవం లేస్తుందని, జ్వరమొస్తే దవాఖానా అక్కర్లేదని చెప్పేవాళ్ళుంటారు. ఈ గ్రంథమే దానికి ఆధారం ఇవ్వదు. స్తెఫనును రాళ్ళతో చంపితే భక్తులు పాతిపెట్టి ఏడ్చారు, లేపలేదు. యాకోబును హేరోదు కత్తితో చంపించాడు, అతడూ లేవలేదు. పౌలు తన తోటివాడైన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచివచ్చాడు. పేదవాడి చివరి ఆశను అమ్ముకునేవాడికి ఈ అధ్యాయాలు ఎవరూ చదివి వినిపించరు.

చావు దగ్గర కులం ఈనాటికీ పోలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవ దళితులు బయటే ఉన్నారు. మన రాష్ట్రంలో వారికి బీసీ-సి కింద దక్కేది 1 శాతం. అందుకే సర్టిఫికెట్టులో ఒక పేరు, చర్చిలో ఇంకో పేరు. బతికున్నప్పుడు రెండు పేర్లతో నెట్టుకొచ్చినా, చనిపోయినప్పుడు ఎక్కడ పాతాలన్న ప్రశ్న వస్తుంది.

పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో ఆ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 జనవరి 7న బస్తరు జిల్లాలో ఒక దళిత పాస్టరు చనిపోయాడు. సొంత ఊళ్ళో పాతనివ్వబోమని ఊరివాళ్ళు అడ్డుకున్నారు. శవం దాదాపు 20 రోజులు మార్చురీలోనే ఉంది. జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులిచ్చారు. చివరకు 20-25 కిలోమీటర్ల అవతలి క్రైస్తవ శ్మశానంలో పాతిపెట్టమన్నారు. లాజరు సమాధిలో ఉన్నది నాలుగు రోజులు. ఈ మనిషికి సమాధి దొరకడానికే ఇరవై రోజులు పట్టింది.

శవాలు లేస్తాయా అన్న వాదనలో ఎవరి నమ్మకం వారిది. కథలు చెబుతున్న క్రమాన్ని మాత్రం నమ్మినవారూ నమ్మనివారూ చదవొచ్చు: పాడెను ముట్టుకోవడం, రాయి తీయడం, కట్లు విప్పడం, అన్నం పెట్టడం. ఇవన్నీ మనుషులు చేయగలిగిన పనులే. దింపుడు కళ్ళం దగ్గర మనం పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నాం. ఆ పేరుగల మనిషిని బతికుండగా ముట్టుకోని ఊరికి, చచ్చాక ఆరడుగుల జాగా ఇవ్వని ఊరికి ఆ పిలుపు వినబడాల్సి ఉంది.