పెద్దరికం పంచుకున్నారు

మా ఎనుమాముల మార్కెట్లో మిర్చి రేటు జెండా పాటతో తేలిపోతుంది. మరి యజమానంటూ లేకుండా దేశదేశాలవాళ్ళు కలిసి రాసే కంప్యూటర్ ప్రోగ్రాముల్లో పేచీ వస్తే?

మన పిల్లలు నేర్చుకునే పైథాన్ సంగతే చూడండి. మార్పు కావాలన్నవాళ్ళు కారణాలు రాసివ్వాలి. వద్దనుకున్న పద్ధతులూ, ఎందుకు వద్దన్నదీ అందులోనే రాస్తారు. ఆఖరి మాట మాత్రం దాన్ని పుట్టించిన గిడో వాన్ రోసమ్‌దే. 2018లో రెండు చుక్కల పక్కన ఈక్వల్ పెట్టే చిన్న గుర్తు మీద గొడవ ముదిరింది. ఆయన సరేనన్నారు గానీ, విసిగిపోయి పెద్దరికం వదిలేశారు. వారసుణ్ణీ చెప్పలేదు. 2019లో సభ్యులే ఓట్లేసి అయిదుగుర్ని ఎన్నుకున్నారు. ఒకే కంపెనీవాళ్ళు ఇద్దరికి మించకూడదు. ముందు ఒప్పించడం, ఆఖరికే ఓటు.

ఓడిన మాటనీ కారణంతో సహా దాచడం నాకు భలే నచ్చింది. మన ఇళ్ళల్లో వద్దనడమే గానీ, ఎందుకో చెప్పేదెవరు?